గుడిమల్లంలో నేల చదివిన మనిషి

  

మన స్వర్ణముఖి ఒడ్డున, ఏర్పేడు దగ్గర గుడిమల్లంలో పరశురామేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో దాదాపు ఐదడుగుల లింగం. దాని మీద యక్షుడి భుజాలపై నిలబడ్డ శివుడు: ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న చెంబు, భుజాన గొడ్డలి. పంచె మడతలు కూడా రాతిలో తెలుస్తాయి. ఈ లింగం గొప్పదనాన్ని టి.ఎ. గోపీనాథరావు గారు వందేళ్ల కిందటే లోకానికి చాటారు.

అయితే దాని చుట్టూ ఒకప్పుడు ఎలాంటి గుడి ఉండేది? పురావస్తు శాఖకు చెందిన ఇంగువ కార్తికేయ శర్మ గారు 1973లో అక్కడ తవ్వకాలు చేపట్టి, జవాబు నేలలోనే వెతికారు. లింగం చుట్టూ రాతి కంచె బయటపడింది. పాత ఇటుక గుడి ఆనవాళ్లూ దొరికాయి, అదీ గజపృష్ఠాకారంలో, అంటే వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా. ఇప్పుడున్న రాతి విమానానిదీ అదే వంపు. తర్వాతి శిల్పులు పాత రూపాన్ని వదులుకోలేదన్నమాట! నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

తిరుపతి నుంచి పూటలో వెళ్లి రావచ్చు. దర్శనమయ్యాక గుడి వెనక్కి వెళ్లి ఆ గోడ వంపు కూడా చూసి రండి.