ఎవరును త్రాగని నీరు



వేసవిలో మన వాగులు దాటునప్పుడు వాటిలో నీటిచుక్క యుండదు. అయినను ఇది వాగు కాదని ఎవరును అనరు. కోసుకుపోయిన ఒడ్లు, పొరలు పొరలుగా పడిన ఇసుక, నున్నని గులకరాళ్లు, ఇవన్నియు నీరు పోయిన త్రోవను చూపుచుండును. రాయి తనంతట తాను నునుపెక్కదు గదా. నీరు దానిని దొర్లించియుండవలెను.

ఇటువంటి జాడలే, ఇంతకంటె మిక్కిలి పెద్దవి, మనము కుజుడనియు అంగారకుడనియు పిలుచు గ్రహముమీద ఉన్నవి. అవి బయలుపడిన విధము వినదగినది. 1877లో ఇటలీ దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు షియాపరెల్లి దుర్భిణీతో చూచి, ఆ గ్రహముమీద సన్నని గీతలు కలవని వ్రాసెను. తరువాత అమెరికా దేశములో పెర్సివల్ లోవెల్ అను నాయన, అవి బుద్ధిగల జీవులు త్రవ్విన కాలువలని పుస్తకములు ప్రకటించెను. 1965 జూలైలో మారినర్ 4 అను అంతరిక్ష నౌక ఆ గ్రహము ప్రక్కగా పోవుచు ఫోటోలు తీసి పంపగా, కాలువలు లేవు, చంద్రునిమీద వలె గుంటలు కనబడెను. అది ఎన్నడును నీరెరుగని నేలయని అనేకులు తలంచిరి. అటుపిమ్మట 1971 నవంబరులో మారినర్ 9 ఆ గ్రహము చుట్టు తిరుగ నారంభించినది. అప్పుడు గ్రహమంతయు దుమ్ము తుపానులో మునిగియుండెను. దుమ్ము అణగిన తరువాత, 1972లో, నదీలోయలు స్పష్టముగా కనబడెను. మనుష్యులు ఊహించిన కాలువలు అక్కడ లేవు గాని, వారు ఊహింపని నదుల మార్గములు ఉండెను.

ఆ లోయలలో ఒకదానికి మంగళ అని సంస్కృత నామమును, మరియొకదానికి మఆదీమ్ అని హెబ్రీ నామమును పెట్టిరి. ఈ రెండును ఆయా భాషలలో ఆ గ్రహపు పేర్లే. మఆదీమ్ లోయ పొడవు సుమారు 700 కిలోమీటర్లు. అనగా మన గోదావరి పొడవులో ఇంచుమించు సగము. 2012లో క్యూరియాసిటీ అను యంత్రపు బండి ఆ గ్రహముమీద మరియొక చోట దిగి, గులకరాళ్లు ఒకదానికొకటి అతుకుకొని గట్టిపడిన పలకలను చూచెను. ఆ రాళ్ల పరిమాణమునుబట్టి శాస్త్రజ్ఞులు లెక్కకట్టి, అక్కడ పారిన నీరు చీలమండ లోతు మొదలుకొని తుంటి లోతు వరకు ఉండెననియు, ఇంచుమించు మనిషి నడచునంత వేగముతో పారెననియు చెప్పిరి. 2021 ఫిబ్రవరి 18న మరియొక బండి జెజెరో అను గుంటలో దిగెను. ఒకప్పుడు ఆ గుంట నీటితో నిండియుండగా, ఒక నది ఒండ్రు తెచ్చి దానిలో పోసెను. ఇది 350 కోట్ల సంవత్సరములకంటె పూర్వపు మాట.

ఆ గ్రహమును కాపాడుచుండిన అయస్కాంత బలము నశించెను. సూర్యునినుండి వీచు కణముల తాకిడికి అక్కడి గాలి కొంచెము కొంచెముగా ఆకాశములోనికి పోయెను. ఇప్పుడు అక్కడి గాలి ఒత్తిడి మన భూమిమీది దానిలో నూరవవంతైనను లేదు. అక్కడ కడవెడు నీరు పోసినను నీరుగా నిలువదు. గడ్డకట్టును, లేక ఆవిరియై పోవును.

ఒక సాయంకాలము ప్రార్థన ముగిసిన పిమ్మట, బడిపిల్లవాడొకడు తెచ్చిన పుస్తకములోని బొమ్మ చూపుచు ఈ సంగతులు మా సంఘమునకు చెప్పితిని. వెనుక వరుసలో కూర్చున్న ఒక సహోదరి అడిగెను: "అయ్యగారూ, తాగే మనిషి లేడు, పొలం లేదు, గొడ్డూ గోదా లేదు. మరి ఆ నీళ్లు ఎవరికోసం పారినట్టు?" అందరును నవ్విరి. నేను నవ్వలేకపోతిని. అంతకు ముందటి సంవత్సరము ఆమె తొలిచూలు బిడ్డ పదకొండవ దినమున చనిపోయెను. అప్పుడు ఆమె నన్ను, "పదకొండు రోజులకి వాడు ఎందుకొచ్చినట్టు అయ్యగారూ?" అని అడిగియుండెను. దేనికో ఒక ఉద్దేశ్యము ఉండునని నేను చెప్పితిని. బోధకులు తరచుగా చెప్పు జవాబే అది. ఆమె తల వంచుకొని వెళ్లిపోయెను. ఆ జవాబు ఆమె కడుపుకోతను తాకనైన తాకలేదు.

"ఎవరికోసము, దేనికోసము" అని అడుగుట మన అలవాటు. ఆవు పాలకొరకు, చెట్టు కాయలకొరకు, కొడుకు ముసలితనములో కూడు పెట్టుటకొరకు. ఈ కొలత బొత్తిగా చెడ్డది కాదు. దానితోనే సంసారములు నడచుచున్నవి. అయితే కుంచముతో ధాన్యము కొలవవచ్చును గాని వెన్నెల కొలవలేము. యోబు తన శ్రమకు కారణమడిగినప్పుడు దేవుడు కారణము చెప్పలేదు. ఆ గ్రంథము 38వ అధ్యాయములో, మనుష్యులు లేని అరణ్యముమీద కురియు వర్షమును గూర్చి ఆయన యోబును ప్రశ్నించెను. నేను చాలకాలము ఆ మాటలను దేవుని బలమునకు నిదర్శనముగా మాత్రమే బోధించితిని. మనకు ప్రయోజనము లేని వాన ఆయన దృష్టికి వ్యర్థము కాదని ఆ రాత్రి నాకు తోచెను.

అరణ్యములో గడ్డియైనను మొలచునని ఆ అధ్యాయములో ఉన్నది. కుజునిమీద ఏమి మొలచెనని ఎవరైనను అడుగవచ్చును. కంటికి కనబడని సూక్ష్మజీవులు అక్కడ ఉండెనా అని వెదకుచున్నారు. నిశ్చయమైన ఋజువు ఇంతవరకు దొరకలేదు. ఎన్నటికిని దొరకకపోయినను ఆ నది పారలేదని అనగలమా? నీరు పోయెను గాని, పారిన సంగతి పోలేదు. జరిగినదానిని జరుగనట్టు చేయు శక్తి కాలమునకు లేదు.

అట్లయితే నీరు వృథాచేసినను తప్పులేదా యని ఎవరైనను అడిగినయెడల, తప్పే యని చెప్పుదును. అక్కడ దప్పిగొన్నవాడు ఉండెనని మనమెరుగము. ఇక్కడ మన కుళాయి యొద్ద మన వెనుక పొరుగువాని బిందె ఉన్నది. అతని దప్పి ఎరిగియు నీరు పారబోయువాడు అతనిది దొంగిలినవాడే.

మరుసటి వారము నేను ఆ సహోదరి యింటికి వెళ్లితిని. "అమ్మా, అప్పుడు నేను చెప్పిన జవాబు సరియైనది కాదు. ఎందుకో నాకు తెలియదు. వాడు వచ్చాడు, పదకొండు రోజులు నీ ఒడిలో ఉన్నాడు. అది లేదని ఎవరూ అనలేరు" అంటిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత పెట్టె తెరచి, మడత పెట్టిన చిన్న చొక్కా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టెను. బిడ్డ పోయిననాటినుండి ఆ యింటిలో ఎవరును వాని పేరు ఎత్తలేదట. ఆ దినమున ఆమెయు, ఆమె పెనిమిటియు, నేనును ఆ పేరు చెప్పి ప్రార్థించితిమి. ఆమె దుఃఖము తీరిపోయెనని నేను చెప్పను.

గనుక ప్రియులారా, ఎందుకు, ఎందుకు అని ఏడ్చువారి యొద్దకు మీరు వెళ్లినప్పుడు తొందరపడి కారణములు చెప్పకుడి. వారి ప్రక్కన కూర్చుండుడి. పోయినవారి పేరు పలుకుడి. వారు మన మధ్య ఉండిరని, ఏడ్చువారితో కూడ ఒప్పుకొనుడి.