ఏటవతలి జోడీ

ఒక ఏటిగట్టు ఊళ్లో పేరున్న తాలింఖానా ఉండేది. అందులో తయారైన జెట్టి ఒకడు. మనిషి మరీ భారీ కాడు గానీ చెయ్యి మహా వేగం. అవతలివాడు భుజం మీద చెయ్యి వేసేలోగా వీడు నడుం కిందికి దూరి, ఎత్తి కుదేసేవాడు. ఏటా అమ్మవారి జాతరకి గోదా తవ్వి, మట్టిలో నూనె, పసుపు కలిపి కుస్తీలు పెట్టేవారు. గెలిచినవాడికి వెండి కడియం. పదిహేనేళ్లుగా ఆ కడియం ఇంకో ఇంటికి పోలేదు. వీపుకి మట్టి అంటని జెట్టి అని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకునేవి.

జోడీలు కుదిర్చే పని వీడి మేనమామది. గోదాలోకి దిగకుండానే సగం కుస్తీ ఆయనే పట్టేవాడు. జాతర నెల్లాళ్లుందనగా ఊళ్ల మీద పడి, ఎవడికి మోకాలు బెణికిందో, ఎవడు చలిజ్వరం పడి లేచాడో, ఎవడికి కొత్తగా కల్లు అలవాటైందో ఆరా తీసుకొచ్చేవాడు. అందులోంచి పేరు పెద్దది, పస తక్కువది చూసి తాంబూలం పంపేవాడు. జనానికి పేరు వినిపిస్తుంది, మోకాలు కనిపించదు.

ఏటవతల ఒక గేదెల కాపరి. పొట్టివాడు, మెడ ఉందో లేదో తెలీని మనిషి. పేరున్న జెట్టీలు ముగ్గుర్ని చిత్తు చేశాడు. ఏటా కబురంపేవాడు: "మీ వాడితో ఒక్క పట్టు." మేనమామ దగ్గర ఏటా ఒక జవాబు సిద్ధం. ఒక ఏడు ఇంట్లో మైల. ఒక ఏడు గోదా తడిసింది. ఇంకో ఏడు, కాపరి ముందు ఫలానా ఊరి జెట్టిని పడగొట్టి రావాలి. కాపరి పోయి ఆ ఫలానావాణ్ణి పడగొట్టే వచ్చాడు. అప్పుడు మేనమామ, "పడగొట్టాడు సరే, పట్టు సరైంది కాదంట" అన్నాడు.

జెట్టికి లోపల కుతూహలం లేకపోలేదు. ఒకసారి అడిగాడు. "మామా, పట్టి చూద్దామా?"

"పడితే ఏమొస్తుంది అల్లుడూ? గెలిస్తే ఇంకో కడియం. మనింట్లో కడియాలకి కరువా? ఓడితే మాత్రం పదిహేనేళ్లూ ఒక్క పూటలో పోతాయి."

లెక్కలో జెట్టికి తప్పేమీ కనపడలేదు. ఊరుకున్నాడు.

అదే తాలింఖానాలో ఒక చేనేత కుర్రాడుండేవాడు. పగలంతా మగ్గం గుంటలో కూర్చుని, పొద్దువాలాక వచ్చి దండీలు, బస్కీలు తీసేవాడు. వేగం లేదు. వాడి మీద ఎవరికీ ఆశలు లేవు. వాడు ఎవరికీ చెప్పకుండా పడవెక్కి అవతలికి పోయి కాపరితో పట్టాడు. పట్టీపట్టగానే చిత్తయ్యాడు. మరుసటేడు మళ్లీ పోయాడు. ఈసారి కాపరి వాణ్ణి బోర్లా పడేసి, వీపు మీదికెక్కి, మెడ కిందుగా చెయ్యి పోనిచ్చి వెల్లకిలా తిప్పబోయాడు. చాలాసేపు తిప్పలేకపోయాడు, చివరికి తిప్పాడు. మూడో ఏడు అదే పట్టులోంచి కుర్రాడు గడ్డం ఛాతీకి అదిమి, మోకాలు కడుపు కిందికి లాక్కుని, కాపరి మణికట్టు దొరకబుచ్చుకుని పక్కకి దొర్లి లేచాడు. పొద్దుగూకేదాకా పట్టారు. పెద్దలు విడదీసి సమానం అన్నారు. ఆ ఏడే కాపరి కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

కాలం గడిచి జెట్టి వస్తాదయ్యాడు. తాలింఖానా గోడకి కడియాలు వరసగా వేలాడేవి. ఒకరోజు ఇద్దరు కుర్రాళ్లు పడుతుంటే ఒకడు బోర్లా పడిపోయాడు, రెండోవాడు వాడి వీపు మీద. కిందివాడు మట్టిలోంచి మొహం ఎత్తి, "వస్తాదుగారూ, ఎలా లేవాలండీ?" అన్నాడు.

"అసలు పడకూడదురా."

"పడ్డాను కదండీ. ఇప్పుడేం చెయ్యమంటారు?"

వస్తాదుకి జవాబు తోచలేదు. తానెన్నడూ ఆ మట్టిలో మొహం పెట్టినవాడు కాడు. కుర్రాడు సాయంత్రం చేనేత ఇంటికి పోయాడు. ఆయన మగ్గం గుంటలోంచి లేచొచ్చి, చొక్కా విప్పి, అరుగు ముందు బోర్లా పడుకుని, "ఎక్కరా నా వీపు మీద" అన్నాడు. దసరాకల్లా సగం తాలింఖానా ఆ వీధిలోనే ఉంది.

ఒక రాత్రి వస్తాదే వెళ్లాడు.

"తమ్ముడూ, ఆ కాపరి ఎలా పట్టేవాడు?"

చేనేత పట్టి చూపించాడు. మెడ మీద ఆ చేతి బరువు తగిలీ తగలగానే వస్తాదు చటుక్కున జారి పక్కకొచ్చేశాడు. ఆ వయసులోనూ అదే వేగం. చేనేత నవ్వాడు. "నువ్వు పట్టుంటే గెలిచేవాడివేమో అన్నా. నీ చేతి వడిలో నాకు పదోవంతు లేదు."

"నిజంగానా?"

"నాకెలా తెలుస్తుంది? వాడితో పట్టింది నేను."

నీతి: సమ ఉజ్జీని తప్పించుకుని ఓటమి నుంచి బయటపడ్డవాడు, తనకి రావలసిన పెద్ద గెలుపుని కూడా అక్కడే వదిలేసుకుంటాడు.

నీతి చెప్పడం తేలికే. మేనమామ లెక్కని మూర్ఖపు లెక్క అని కొట్టిపారేస్తే మాత్రం అన్యాయం. వృత్తి బాక్సింగ్ అంతా ఇవాళ్టికీ ఆ లెక్క మీదే నడుస్తోంది. ఒలింపిక్స్‌లో ఎవరితో తలపడాలో డ్రా చెబుతుంది. 2024 పారిస్‌లో మన నిఖత్ జరీన్‌కి సీడింగ్ లేకపోవడంతో రెండో పోటీలోనే టాప్ సీడ్ చైనా బాక్సర్ వూ యు ఎదురైంది. ఓడి ఇంటికొచ్చింది. ఆ వూ యు చివరికి స్వర్ణం గెలిచింది. వృత్తి బాక్సింగ్‌లో అలా కాదు. ప్రత్యర్థిని ప్రమోటర్, టీవీ సంస్థ, శిక్షకుడు కూర్చుని ఎంచుకుంటారు. పైగా ప్రతి బరువు తరగతిలోనూ డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అని నాలుగు సంస్థలు, నాలుగు బెల్టులు. నలుగురు ప్రపంచ ఛాంపియన్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఏళ్ల తరబడి ఛాంపియన్లుగానే ఉండొచ్చు. రికార్డులో ఓటముల గడి సున్నాగా ఉన్నంతకాలం టికెట్లు అమ్ముడవుతాయి. దాన్ని పణంగా పెట్టమని చెప్పే ప్రమోటర్ అరుదు.

వేల్స్‌లోని న్యూబ్రిడ్జ్‌కి చెందిన జో కాల్జాగే 1997లో షెఫీల్డ్‌లో క్రిస్ యూబ్యాంక్‌ని ఓడించి డబ్ల్యూబీవో సూపర్ మిడిల్‌వెయిట్ బెల్టు కట్టుకున్నాడు. ఎనిమిదేళ్లకు పైగా నిలబెట్టుకున్నాడు. అయినా ఒకటే సణుగుడు: వీడు ఓడించినవాళ్లలో గట్టివాడెవడు? సణుగుడులో నిజం లేకపోలేదు. 2006 మార్చిలో మాంచెస్టర్‌లో జెఫ్ లేసీతో పోటీ కుదిరింది. అమెరికావాడు, ఐబీఎఫ్ ఛాంపియన్, తనూ ఓటమి ఎరగనివాడు, గుద్దితే మనిషి లేవడని పేరు. పందెంరాయుళ్లు లేసీ వైపే మొగ్గారు. పోటీ దగ్గరపడుతుండగా కాల్జాగేకి చెయ్యి నొప్పి చేసింది. తప్పుకుంటానన్నాడు. శిక్షకుడు ఎంజో కాల్జాగే, అంటే కన్నతండ్రే, పట్టుబట్టి ఒప్పించాడు. సార్డీనియా నుంచి వలసొచ్చిన సంగీతకారుడాయన. ఈ కథలో మేనమామకి సరిగ్గా ఎదురుగా నిలబడే మనిషి.

ఆ రాత్రి జరిగింది చూస్తే ముప్పు అన్న మాటకే అర్థం మారిపోతుంది. పన్నెండు రౌండ్లూ కాల్జాగే గుద్దుల వాన కురిపించాడు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ అతనికి 119 వేశారు. లేసీకి 105, 107, 107. తగ్గిన ఆ ఒక్క పాయింటు కూడా పదకొండో రౌండులో రిఫరీ కోసిందే. అంటే ప్రతి రౌండూ కాల్జాగేదే. ఎనిమిదేళ్లు తేలికవాళ్లతో ఆడి దాచుకున్న పేరుకంటే ఆ ఒక్క రాత్రి వచ్చిన పేరు పెద్దది. అతను అంతటివాడని బహుశా అతనికీ ఆ రాత్రే తెలిసి ఉంటుంది.

లేసీ సంగతి? అతనూ నా నీతి చెప్పినట్టే చేశాడు. ఓటమి ఎరగని రికార్డు పట్టుకుని, సముద్రం దాటి, అవతలివాడి గడ్డ మీద గట్టివాడితో తలపడ్డాడు. మళ్లీ ప్రపంచ టైటిల్ గెలవలేదు. కాబట్టి ముప్పు తీసుకున్నవాడికల్లా మేలే జరుగుతుందని చెప్పి కుర్రాళ్లని ఎగదోయడం నాకు ఇష్టం లేదు. ముప్పు నిజమైనదైతే ఇద్దరిలో ఒకడికి నష్టం తప్పదు.

నష్టం కూడా కొందరికి పనికొచ్చింది. షుగర్ రే లియోనార్డ్ వరసగా 27 గెలిచాక 1980 జూన్‌లో మాంట్రియల్‌లో రొబెర్తో దురాన్ ముందు నిలబడ్డాడు. దురాన్‌కి ఇష్టమైన ముష్టిఘాతాల గుద్దులాటలోకి తనే దిగి పాయింట్ల మీద ఓడాడు. అదే నవంబరులో న్యూ ఆర్లీన్స్‌లో కాళ్లు ఆడించి, దూరం పాటించి, వెక్కిరించి ఏడిపిస్తే, ఎనిమిదో రౌండులో దురానే ఆట చాలించాడు. చేనేత కుర్రాడికి మూడేళ్లు పట్టింది, లియోనార్డ్‌కి అయిదు నెలలు. నిజామాబాద్ అమ్మాయి సంగతీ ఇంతే. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకి ముందు మేరీ కోమ్‌తో ట్రయల్ పెట్టాలని నిఖత్ బహిరంగంగా అడిగింది. దేశంలో చాలామందికి అది పొగరనిపించింది. డిసెంబరులో ట్రయల్ జరిగింది, 9–1 తేడాతో ఓడింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది, మరుసటేడు ఢిల్లీలో మళ్లీ. ఆ ఓటమి వల్లే గెలిచిందని అనను. ఆ ఓటమి ఆమెని ఆపలేదని మాత్రం చెప్పగలను.

అలాగని కనపడ్డ ప్రతి సింహం నోట్లోనూ తల పెట్టమని కాదు. క్యూబా బాక్సర్ గియ్యెర్మో రిగొందో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన పనిమంతుడు. వృత్తిలోనూ 17 గెలుపులు, ఓటమి లేదు. 122 పౌండ్లవాడు 2017 డిసెంబరులో ఏకంగా 130 పౌండ్ల తరగతికి ఎక్కి, 37 ఏళ్ల వయసులో వసీల్ లొమచెంకోతో తలపడ్డాడు. ఆరో రౌండు తర్వాత చెయ్యి దెబ్బతిందని స్టూలు మీదనుంచి లేవలేదు. ఎనిమిది పౌండ్లంటే కాగితం మీద నాలుగు కిలోలు కూడా లేదు, రింగులో అది వేరే మనిషి. ఆ పోటీకి అతని వయసూ దాటిపోయింది, బరువూ సరిపోలేదు. దాన్ని ధైర్యం కింద జమకట్టను.

నేను అడిగేది ఒక్కటే: అవతలివాడు తన ఉచ్చదశలో ఉన్నాడా, నువ్వూ ఉన్నావా? ఈ కొలతకి లేసీ నిలుస్తాడు. 2007 నవంబరులో కార్డిఫ్‌లో యాభై వేల మంది ముందు కాల్జాగే ఓడించిన మిక్కెల్ కెస్లర్ నిలుస్తాడు. అతనూ అప్పటిదాకా 39 గెలుపులతో ఓటమి ఎరగనివాడే. 2008 నవంబరులో న్యూయార్క్‌లో ఓడిన రాయ్ జోన్స్‌ని నేను లెక్కలో వెయ్యను. ఆ పేరు పెద్దదే గానీ వయసప్పటికి 39, పస ఎప్పుడో పోయింది. మరి అదే ఏడు ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌లో ఎదురైన బెర్నార్డ్ హాప్కిన్స్? అతనికి 43. మొదటి రౌండులోనే కాల్జాగేని నేల కరిపించాడు. కాల్జాగే లేచాడు. అంతకు ముందు బైరన్ మిచెల్, కబారీ సాలెం చేతుల్లో కింద పడి లేచిన అలవాటుంది కదా. న్యాయనిర్ణేతల్లో ఇద్దరు కాల్జాగే వైపు, ఒకరు హాప్కిన్స్ వైపు. ముసలివాణ్ణి ఓడించడం ఏం గొప్ప అని అప్పట్లో అన్నవాళ్లున్నారు. ఆరు నెలలకే, అక్టోబరులో, ఆ ముసలివాడే తనకంటే పదిహేడేళ్లు చిన్నవాడైన కెల్లీ పావ్లిక్‌ని, మిడిల్‌వెయిట్ ఛాంపియన్‌ని, అప్పటిదాకా ఒక్కసారీ ఓడనివాణ్ణి, పన్నెండు రౌండ్లు ఆడించి చిత్తుగా ఓడించాడు.