వీధిగుంతయు మన ఓర్పును

ఓర్పు భక్తునికి అలంకారమని మన ఇండ్లలో బాల్యమునుండియు చెప్పుదురు. చెప్పవలసిన మాటయే. కాని ఎచ్చట ఓర్చుకొనుట సద్గుణము, ఎచ్చట అది నిర్లక్ష్యమునకు మారుపేరు అను ప్రశ్నను మనము తరచుగా వేసికొనము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములలో నడచువారికి ఈ ప్రశ్న ప్రతిదినము కాలిక్రిందనే ఎదురగుచున్నది.

ఏ పేటకు పోయినను జనుల నిట్టూర్పు ఒక్కటే. పైపుల కొరకు త్రవ్విన రోడ్డును సరిగా పూడ్చలేదు. మురుగుకాలువపై బండ విరిగి నెలలైనది. మలుపులోని దీపము వెలుగదు. బడి విడిచిన వేళ పిల్లలు లారీల నడుమ దాటవలసి వచ్చుచున్నది. అర్జీ పట్టుకొని పోయినచో, ఈ రోడ్డు పురపాలక సంఘమునది కాదు, రోడ్లు భవనముల శాఖదని ఒకరందురు. త్రవ్వినది మేము కాదని మరియొకరందురు. తిరిగి తిరిగి విసిగినవాడు ఇంటికి వచ్చి, “మన ఖర్మ” అని కూలబడును.

ఈ “ఖర్మ” అను మాటయే నాకు అన్నిటికంటె అభ్యంతరకరముగా తోచుచున్నది. గుంతలో పడుట ఖర్మమైనచో, దానిని త్రవ్వి విడిచిపోయిన చేయి కంటికి కనబడకుండ పోవును. కాయకమును ఉపదేశించిన బసవన్న మార్గములో పని అనునది జీతము కొరకు చేయు కార్యము మాత్రమే కాదు, అదియే పూజ. అట్లయినచో అప్పగించిన పనిని విడిచిపెట్టుట కూడ పూజాలోపమే కదా! పడవ నడుపుట కాయకముగా గల అంబిగర చౌడయ్య శరణులలో పూజ్యుడయ్యెను. దాటించువాని అజాగ్రత్తకు మూల్యము చెల్లించునది ఎక్కినవారే. నేటి రోడ్డు ఇంజనీరు, గుత్తేదారు, వీధిదీపములు చూచు ఉద్యోగి, వీరందరును ఆ పడవవాని కోవలోనివారే.

దెబ్బ అనగా ఏమో ఒకసారి లెక్క వేసి చూడుడు. ధర్మవరములో పట్టుచీర నేయువాని బ్రతుకు గుంతమగ్గముతో ముడిపడియున్నది. నేలలో త్రవ్విన గుంతలో కాళ్ళుంచి, త్రొక్కుడుకర్రలు త్రొక్కుచు రోజంతయు నేయవలెను. వానికి రాత్రివేళ సైకిలు పల్టీకొట్టి మోకాలు వాచినచో మగ్గము ఆగును, మగ్గముతో కూలి ఆగును, చీర ఇయ్యవలసిన గడువు తప్పును. హిందూపురపు మార్కెట్టులో బెల్లము, చింతపండు, మిరపకాయల బస్తాలు మోయు హమాలీ నడుము పట్టినను అంతే. ఆసుపత్రి చీటీలో “స్వల్ప గాయము” అని వ్రాయుదురు. ఆ స్వల్ప గాయము ఇంటి అప్పులలో ఎన్ని నెలలు నిలుచునో చీటీ వ్రాసినవారికి తెలియదు.

కావున ఓర్పును గూర్చిన ప్రశ్నకు నాకు తోచిన సమాధాన మిది. నా కాలికి తగిలిన దెబ్బను నేను ఓర్చుకొనుట నా ఇష్టము. అది సద్గుణము కావచ్చును. రేపు మరియొకని కాలికి తగులబోవు దెబ్బను వాని తరఫున నేను ఓర్చుకొనుటకు నాకేమి అధికారము కలదు? గుంత అక్కడనే యుండగా నేను మౌనము వహించితినన్నచో, ఓర్చుకొనుచున్నది నేను కాదు, తరువాత వచ్చువాడు.

2015వ సంవత్సరమును పెనుకొండ ప్రాంతమువారు మరువజాలరు. జనవరి 7న మడకశిరనుండి పెనుకొండకు వచ్చుచున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి పదిమందికి పైగా మరణించిరి. వారిలో చదువుకొను పిల్లలు పలువురు. అదే యేడు ఆగస్టు 24న గ్రానైటు రాయి తెచ్చుచున్న లారీ అదుపు తప్పి, రైలు గేటు వద్ద బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొనగా, కర్ణాటక శాసనసభ్యుడు వెంకటేశ్ నాయక్ గారితో సహా పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇట్టివి పత్రికల కెక్కును. కాని 2022లో దేశము మొత్తముమీద రోడ్లపై మరణించినవారు 1,68,491 మంది, అనగా దినమునకు 460 మందికి పైగా. వీరిలో అధికులు ఏ పెద్ద ప్రమాదములోను కాక, ఒకరిద్దరుగా, పేరు లేకుండ పోయినవారే.

“సంఘమునకు నిధులు లేవు” అను మాట మనకు క్రొత్త కాదు. మధ్యప్రదేశములోని రత్లాం పట్టణములో ఒక వీధివారు మురుగుకాలువలు లేక దుర్గంధముతో వేగలేక మేజిస్ట్రేటు నాశ్రయించిరి. పురపాలక సంఘము డబ్బు లేదని వాదించుచు సుప్రీంకోర్టు వరకు పోయెను. ప్రజలకు చేయవలసిన ప్రాథమిక విధిని డబ్బు లేదను నెపముతో తప్పించుకొనరాదని 1980లో జస్టిస్ కృష్ణయ్యరు గారు తీర్పునిచ్చిరి. నాడు ఆ వీధివారు ఉపయోగించిన చట్టవిధి క్రిమినల్ ప్రక్రియా స్మృతిలో 133వ సెక్షను. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 152వ సెక్షను. రోడ్డు నిర్మాణములోను నిర్వహణలోను ప్రమాణములు పాటింపక పోవుటచే మరణముగాని అంగవైకల్యముగాని కలిగినచో, బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించు సెక్షను కూడ 2019లో మోటారు వాహనముల చట్టమున చేరినది. ఒక ప్రాణమునకు లక్ష యనగా ఎంత చవుక!

మన వంతు చెప్పకుండుట న్యాయము కాదు. ఇల్లు కట్టుచు ఇసుక, కంకర నడివీధిలో పోయుదుము. అరుగును కాలువ దాటించుదుము. పెండ్లి పందిరి గుంజల కొరకు రోడ్డును త్రవ్వి అట్లే విడుతుము. ఒక బిడ్డకు దెబ్బ తగిలినదని కోపముతో రాత్రికి రాత్రి మట్టితోనో సిమెంటుతోనో అడ్డముగా దిమ్మె వేయుదుము. దానికి రంగుండదు, గుర్తుండదు. మరునాటి చీకటిలో వేరొకడు దానిపై పడును. ఆ కోపము న్యాయమైనదే, ఫలము మాత్రము మరియొక గుంత. అయినను ఈ మాటలను అడ్డము పెట్టుకొని “ముందు మీరు మారుడు” అని చెప్పు అధికారితో నేను ఏకీభవింపను. అరుగు ముందుకు జరిపినవాడు దోషియే. వానిని ఆపవలసిన పని ఎవరిది?

సొన్నలిగె సిద్ధరాముడు జనుల కొరకు చెరువు త్రవ్వించుచుండగా అల్లమప్రభువు వచ్చి నిలదీసిన కథను శూన్యసంపాదనము చెప్పుచున్నది. లోకోపకారపు పనులు ఆత్మసాధనకంటె తక్కువవని కొందరు దానినిబట్టి బోధించుదురు. నాకట్లు తోచదు. ప్రభువు నిలదీసినది చెరువును కాదు, “నేను త్రవ్వించితిని” అను భావమును. మన పట్టణములలో తారు కొట్టుకొనిపోయిన రోడ్ల ప్రక్కన చెక్కుచెదరక నిలిచియున్న శిలాఫలకములను చూచినపుడెల్ల నాకీ కథ స్ఫురించును.

గుంతలు పూడ్చుట అసాధ్యమేమీ కాదని మనకందరికిని తెలియును. రథోత్సవమునకు ముందు, మంత్రిగారి రాకకు ముందు, ఆ దారి మాత్రము రెండు దినములలో నునుపగును. రథము ఏటికొకసారి పోవును, బడిపిల్ల ఏడాది పొడుగునా పోవును. మఠములవారు ఉత్సవపు దారి బాగుచేయుమని వ్రాయు అర్జీలోనే బడి దారిని, ఆసుపత్రి దారిని కూడ చేర్చి వ్రాయవచ్చును. మఠము ముద్రగల కాగితమును ఆఫీసులలో అంత తేలికగా ప్రక్కన పెట్టరు. అప్పటికిని కదలనిచో పైన చెప్పిన 152వ సెక్షను క్రింద రెవెన్యూ డివిజను అధికారి నాశ్రయించుటకు వీలు కలదు. పెనుకొండలోను ధర్మవరములోను ఆ కార్యాలయములున్నవి. గుంత యున్న చోటు, దాని పొడవు లోతులు, ఎప్పటినుండి యున్నదో ఆ తేదీ, ఎవరికి దెబ్బ తగిలినది, ఇవి వ్రాసి వీధివారు పదిమంది సంతకములు చేసిన చాలును. రసీదు మాత్రము తప్పక తీసికొనవలయును.