బొంకిన సాక్షికి దర్యాప్తు అధికారం ఉందా? – ‘ది డ్రై’ నవలలో ఒక నైతిక ప్రశ్న

జేన్ హార్పర్ రచించిన ‘ది డ్రై’ (2016) నవలకు రంగస్థలం ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, రెండేళ్లుగా వాన చుక్క ఎరుగని కియవర్రా అనే కల్పిత పట్టణం. ల్యూక్ హ్యాడ్లర్ అనే రైతు భార్యనూ కొడుకునూ చంపి తానూ కాల్చుకున్నాడని ఊరు నమ్ముతుంది. అంత్యక్రియలకు వచ్చిన బాల్యమిత్రుడు ఆరన్ ఫాక్ మెల్‌బోర్న్‌లో ఆర్థిక నేరాలను దర్యాప్తు చేసే ఫెడరల్ పోలీసు. హత్య కేసులో అతనికి అధికారం లేదు. స్థానిక సార్జంట్ రాకోతో కలిసి అనధికారికంగానే విచారణకు దిగుతాడు. ఇరవై ఏళ్ల కిందట వారి స్నేహితురాలు ఎల్లీ డీకన్ నదిలో మునిగి చనిపోయినప్పుడు, ఆమె దగ్గర దొరికిన చీటీపై ఫాక్ పేరు ఉంది. ఆ వేళ తామిద్దరం కలిసి కుందేళ్ల వేటలో ఉన్నామని ల్యూక్, ఫాక్ పోలీసులకు చెప్పారు. అది బొంకు. ల్యూక్ తండ్రికి ఆ సంగతి తెలుసు. ఫాక్‌ను ఊరికి రప్పించింది కూడా ఆ ఎరుకే.

తెలుగులో అపరాధ పరిశోధన నవలకు గట్టి సంప్రదాయమే ఉన్నా, మన పరిశోధన వ్యాసాలలో దానికి దక్కిన చోటు స్వల్పం. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ వంటి పరిశోధకుడు వృత్తిరీత్యా కేసులోకి వస్తాడు. అతని నిష్పాక్షికతను పాఠకుడు అడగకుండానే అంగీకరిస్తాడు. ఫాక్ విషయంలో ఆ అంగీకారం కుదరదు. అతడు ఒకేసారి పరిశోధకుడు, అనుమానితుడు, కూటసాక్షి. ఇటువంటి మనిషికి సత్యాన్వేషణ చేసే అర్హత ఎక్కడి నుంచి వస్తుంది?

మన ధర్మశాస్త్రం మొదట అనర్హతనే చెబుతుంది. యాజ్ఞవల్క్యస్మృతి ఆప్తులనూ, అర్థసంబంధం ఉన్నవారినీ, శత్రువులనూ సాక్షులుగా నిరాకరిస్తుంది. ఆ స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను కేతన ‘విజ్ఞానేశ్వరము’గా తెలుగు చేశాడు కనుక ఈ చర్చ మన సాహిత్యానికి కొత్తది కాదు. అయితే బొంకు విషయంలో మన గ్రంథాలది ఒకే మాట కాదు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు ప్రాణానికి, విత్తానికి, మానానికి భంగం కలిగే చోట బొంకవచ్చుననీ, పాపం అంటదనీ బలికి చెబుతాడు. యాజ్ఞవల్క్యుడు అంత ఉదారుడు కాడు. సత్యం చెబితే వధ జరిగే సందర్భంలో మాత్రమే సాక్షి అనృతం పలకవచ్చునంటాడు. ఆపైన సారస్వత చరువుతో శుద్ధి పొందాలంటాడు. శుక్రుని మాట దాత తన వాగ్దానాన్ని తప్పడం గురించినది, స్మృతి మాట సాక్ష్యం గురించినది. ఈ తేడా మరువరాదు. అయినా అసలు అంతరం మరొకటి. అనుమతించిన అబద్ధానికి కూడా రుణశేషం ఉంటుందని స్మృతి గుర్తించింది. శుక్రుడు గుర్తించలేదు. ఈ విషయంలో నాకు స్మృతి దృష్టే సూక్ష్మమైనదిగా తోస్తుంది.

ఫాక్ బొంకు శుక్రుని కొలతకు నిలుస్తుంది, ఎందుకంటే ఆ కుర్రవాడి మానం ప్రమాదంలో పడింది. స్మృతి కొలతకు నిలవదు. విక్టోరియా 1975లోనే మరణశిక్షను రద్దు చేసింది. ఎల్లీ మరణం ఆ తరువాతిది కనుక వధ భయం లేదు. ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. స్మృతి ఊహించిన సాక్షికి నిజం తెలుసు. తెలిసి ఒకరిని కాపాడడానికి దాచుతాడు. ఫాక్‌కు నిజం తెలియదు. ఆ కథ అల్లుదామన్నది ల్యూక్. ల్యూక్ తనను కాపాడాడా, తన చేత తానే కాపాడించుకున్నాడా అన్నది ఫాక్‌కు ఇరవై ఏళ్లూ తేలలేదు. తానేమి కప్పిపెట్టాడో తనకే తెలియని అబద్ధం అది. అటువంటి దానికి ప్రాయశ్చిత్తం ఎలా నిర్ణయించాలి?

నా ప్రతిపాదన ఇది: ఫాక్‌కు దర్యాప్తు అధికారం బంధుత్వం వల్ల రాలేదు, బాకీ వల్ల వచ్చింది. తెలియని నిజాన్ని కప్పినవాడు కేవలం ‘నేను బొంకాను’ అని ఒప్పుకుంటే చాలదు. కప్పినదేమిటో తెలుసుకోవడం కూడా అతని ప్రాయశ్చిత్తంలో భాగం. అయితే అధికారం అనే మాట ఇక్కడ హక్కు కాదు, విధి. విధి ఉన్నంత మాత్రాన నిష్పాక్షికత సిద్ధించదు. ఫాక్ ఆ పాత బొంకును రాకోకు మొదట చెప్పకపోవడమే అందుకు నిదర్శనం. కనుక ఊరితో పూర్వబంధం లేని రాకో పక్కన ఉండడం కథాసౌకర్యం మాత్రమే కాదు, నైతికంగా అవసరం. ఆప్తుడు వెదకవచ్చు; తీర్పు చెప్పవలసినవాడు వేరే ఉండాలి.

ఈ ప్రతిపాదనకు నవలే ఒక అడ్డు వేస్తుంది. ల్యూక్ కుటుంబ హత్యల ముడి దర్యాప్తు వల్ల విడిపోతుంది: బడి నిధులను జూదానికి వాడిన ప్రధానోపాధ్యాయుడు దొరుకుతాడు. ఎల్లీ ముడి మాత్రం అలా విడదు. అంతా ముగిశాక, పూర్వం తాము తిరిగిన చోట దాగి ఉన్న ఆమె సంచి ఫాక్‌కు దొరుకుతుంది. అందులోని డైరీ వేలు చూపేది ఆమె తండ్రి మాల్ డీకన్ వైపు. ఫాక్‌నూ అతని తండ్రినీ ఊరి నుంచి తరిమినవారిలో ముందున్నది అతడే. ఇప్పుడు అతనికి మతి తప్పుతోంది. ఎదుట నిలిచిన ఫాక్‌ను చూసి అతని తండ్రి అనుకుంటాడు. తన నేరమే తనకు గుర్తులేని మనిషి ముందు ఆ డైరీని ఉంచితే, అది ఎవరికి చెప్పిన సత్యం అవుతుంది? న్యాయస్థానం దాకా వెళ్లకుండానే నవల ఆగిపోతుంది. మిగిలిన శ్రోత ఊరే. ఇరవై ఏళ్లు అపవాదును తీర్పుగా చెల్లించుకున్న ఆ ఊరు ఇంతవరకు ఎవరికీ సాక్ష్యం చెప్పలేదు, ఎవరూ దానిని అడగనూ లేదు.