సాయమా, పరిహారమా? పారిశుద్ధ్య కార్మికుని గాయం: ఒక నైతిక విచారణ

కామారెడ్డి, ఎల్లారెడ్డి పురపాలక సంఘాలలో చెత్త ఎత్తే కార్మికుడు ట్రాక్టరు ట్రాలీ మీది నుండి జారిపడినా, గాజుపెంకు అతని చేతి నరం తెగగోసినా, ఆ తరువాత అతనికి ఎదురయ్యేవి రెండు మాటలు: సాయం, పరిహారం. పత్రికలలో ఇవి పర్యాయపదాలుగా చలామణి అవుతున్నాయి. నీతి దృష్టిలో కావు. సాయం ఇచ్చేవాని ఔదార్యం. పరిహారం పుచ్చుకొనేవానికి రావలసిన బాకీ. 'ఎక్స్‌గ్రేషియా' అన్న లాటిను మాటకు అర్థమే 'దయతో' అని. దయకు కృతజ్ఞత చెప్పాలి, బాకీకి అక్కరలేదు.

1923 నాటి పరిహార చట్టం ఈ గాయాన్ని బాకీగానే చూసింది. గుత్తేదారు మధ్యలో ఉన్నా అసలు యజమాని బాధ్యత తప్పదన్నది దాని 12వ సెక్షను. స్థానిక సంస్థల పనిని కూడా ఆ చట్టం వ్యాపారంతో సమానంగానే లెక్కించింది. అయితే దాని అనుబంధ పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. ఇది దేహానికి కట్టిన లెక్క. పనికి కట్టినది కాదు. ఎడమచేయి కోల్పోయిన వడ్రంగి విషయంలో సుప్రీంకోర్టు 1975లో ఈ తేడాను గుర్తించింది: ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక అది సంపూర్ణ అశక్తతే. చెత్తబుట్ట ఎత్తే చేతికి ఈ తర్కం వర్తించదనడానికి కారణం కనబడదు.

2023లో అదే న్యాయస్థానం మురుగుకాలువలో దిగి వికలాంగులైనవారికి కనీసం 10 లక్షలు, శాశ్వత వైకల్యమైతే 20 లక్షలు ఇవ్వాలన్నది. ట్రాలీ మీద గాయపడినవానికి మాత్రం మిగిలింది వేతనాన్ని, వయస్సును గుణించే పాత సూత్రమే. ఊరు ఒకటే, ఆ ఊరి మాలిన్యమూ ఒకటే.