డయాలసిస్‌కు వెనకాడొద్దు నాన్నా

అల్లుడూ,

నిన్న నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. నాన్న ముద్ద ముట్టడం లేదనీ, పలకరిస్తే కసురుకుంటున్నాడనీ, పగలంతా జోగుతూ రాత్రంతా మంచం మీద దొర్లుతున్నాడనీ చెప్పావు. వాడిని చంకనెత్తుకు పెంచినదాన్ని నేను. అది వాడి గుణం కాదురా. రక్తంలో పేరుకున్న మలినం వాడి చేత అలా చేయిస్తోంది.

కిడ్నీలు రోజుకు 180 లీటర్ల దాకా వడగట్టి, పనికొచ్చేదంతా తిరిగి రక్తానికిచ్చి, ఒకటిన్నర రెండు లీటర్లు మూత్రంగా పంపేస్తాయి. ఆ పని ఆగితే యూరియా, క్రియాటినిన్, ఇంకా ఎన్నో ఒంట్లోనే ఉండిపోతాయి. అందుకే నోరు చేదు, వికారం, దురద, ఎక్కిళ్లు. ముదిరితే మతి తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పి ఉండదు, అందుకే ఆలస్యం చేస్తారు.

ఒకసారి డయాలసిస్ మిషను ఎక్కిస్తే ఇక దిగేది లేదని ఊళ్లోవాళ్లు అన్నారన్నావు. మిషను వల్ల కిడ్నీ పాడవదు నాన్నా, పాడైంది గనకే మిషను. 1945లో నెదర్లాండ్స్‌లో కోల్ఫ్ అనే డాక్టరు తాను తయారుచేసిన మిషనుతో, స్పృహ లేని 67 ఏళ్ల ముసలమ్మ రక్తాన్ని గంటల తరబడి శుద్ధి చేశాడు. ఆవిడ కళ్లు తెరిచి మాట్లాడింది. ఆవిడ కిడ్నీలు మళ్లీ కోలుకున్నాయి కూడా. మీ నాన్నది ఏళ్ల నాటి షుగరు, అలా కోలుకుంటాయని ఆశ పెట్టను. కానీ అన్నం సయిస్తుంది, మనిషి మనిషవుతాడు. మీ మామయ్య విషయంలో కళ్లారా చూశాను.

పసరు పోయించొద్దు. ఆ ఖర్చు కన్నా పోయే రోజులు ఎక్కువ చేటు. కొబ్బరిబొండం మంచిదని ఎవరైనా తెస్తే అదీ వద్దు. అందులోని పొటాషియం బయటికి పోయే దారి లేక గుండె మీద పడుతుంది.

డాక్టరు చెప్పగానే, మిషనుకు రక్తం అందేలా చేతి రక్తనాళాలు కలిపే ఫిస్టులా చేయించండి. అది వాడకానికి రావడానికి వారాలు పడుతుంది. మీ మామయ్య ఎడమ మణికట్టు మీద వేలు పెడితే లోపల జుమ్మని అదిరేది. రోజూ పొద్దున్నే అది చూసేవాళ్లం. అదురు తగ్గితే ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, సూది గుచ్చి రక్తం తీయనివ్వొద్దు.

నువ్వుండేది అమీర్‌పేట. పంజాగుట్ట మెట్రోలో తర్వాతి స్టేషనే. నిమ్స్ ఆస్పత్రి అక్కడే ఉంది. డయాలసిస్‌కు ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది, కార్డు మర్చిపోకు. కిడ్నీ మార్పిడికి పనికొస్తాడని డాక్టర్లంటే జీవన్‌దాన్‌లో పేరు రాయించు. 2013లో మొదలైన ఆ పథకం ఆఫీసు కూడా నిమ్స్‌లోనే.

నీకో మాట. రాత్రుళ్లు కోడింగ్ చేసి తలనొప్పికి మందుల షాపు మాత్రలు మింగుతున్నావట, కిడ్నీలకు చేటు, మానెయ్. తండ్రికి షుగరున్న పిల్లాడివి. బీపీ, షుగరు, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రొటీన్ ఒకసారి చూపించుకో.

సోమవారం క్లాసు పోతే పోయింది. పాత రిపోర్టులన్నీ సంచీలో పెట్టుకుని, నాన్నను పొద్దున్నే ఓపీకి తీసుకెళ్లు.