నోటీసు అందిన రోజు యజమాని ధర్మం

దానగుణంలో నృగ మహారాజుకు సాటి లేరని పురాణాలు చెబుతాయి. ఒకరికి దానమిచ్చిన ఆవు తప్పిపోయి తిరిగి రాజుగారి మందలో కలిసింది. ఆ సంగతి తెలియక రాజు దాన్నే మరొకరికి ఇచ్చేశాడు. ఆవు నాదంటే నాదని ఇద్దరూ న్యాయం కోసం రాజద్వారానికి వచ్చారు. రోజుల తరబడి పడిగాపులు కాసినా వారికి రాజదర్శనం దొరకలేదని రామాయణ ఉత్తరకాండ చెబుతోంది. వారి శాపంతో నృగుడు ఊసరవెల్లిగా మారాడు. ఆవు విషయంలో జరిగింది పొరపాటే. శాపం తెచ్చింది మాత్రం ఫిర్యాదుకు తలుపు తీయకపోవడం.

ఇవాళ ఆ ఫిర్యాదు నోటీసు రూపంలో తలుపు తడుతుంది. గోదావరిఖనిలో ఓ చిన్న కాంట్రాక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో వకీలు నోటీసు వచ్చిందనుకుందాం. పనిలోంచి తీసేసిన కార్మికుడు మూడు నెలల జీతం రావాలంటున్నాడు. యజమాని నోట మొదట వచ్చే మాట, ‘నా ఉప్పు తిని నా మీదనే కేసా?’ ఆ వెంటనే, సమ్మక్క-సారలమ్మ జాతరలో తాను చేసిన అన్నదానం గుర్తొస్తుంది. అన్నదానం పుణ్యమే. కానీ జీతం బాకీ. పుణ్యంతో బాకీ తీరదు.

ఆ రాత్రి మస్టరు, జీతాల రిజిస్టరు ముందేసుకుని కూర్చోవాలి. ఇవ్వాల్సింది తేలితే వాయిదాల దాకా లాగకుండా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇవ్వాల్సింది లేదని తేలితే ఉన్న కాగితాలు ఉన్నట్టే వకీలు చేతిలో పెట్టాలి. పాత తేదీలతో కొత్త సంతకాలు పెట్టించడం కేసు కంటే పెద్ద పాపం. కవరు తీసుకోకుండా తిప్పి పంపితే కేసు ఆగదు, కోర్టు సమన్లనూ అలాగే తిప్పి పంపితే ఏకపక్ష తీర్పు నెత్తిన పడవచ్చు. సివిల్ దావా అయితే సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు. ఇద్దరికీ సమ్మతమైతే లోక్ అదాలత్ ఉంది. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు.

మన సింగరేణి బొగ్గు గనుల సంస్థకూ ఇలాంటి పరీక్ష ఎదురైంది. గని కార్మికుల వారసులకు ఉద్యోగాలిచ్చే పథకంపై ఒక నిరుద్యోగి హైకోర్టుకెక్కాడు. ఉద్యోగం కుటుంబంలోనే చేతులు మారితే బయటివారికి సమాన అవకాశం ఏదన్నది అక్కడ తేలాల్సిన ప్రశ్న. 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులోనూ ఊరట దక్కలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలకు అది పెద్ద దెబ్బ. అయితే కథ ఓటమితో ముగియలేదు. వైద్యపరంగా అన్‌ఫిట్ అయిన కార్మికుల వారసులకు కారుణ్య నియామకాలు వచ్చాయి. ఆరోగ్యం పోగొట్టుకున్నవాడి ఇంటిని ఆదుకోవాలన్న ధర్మం నిలిచింది, దాన్ని నెరవేర్చే పద్ధతి మారింది.

కేసు వేసినవాణ్ణి శత్రువుగా చూసినంతకాలం అతని మాటలోని నిజం మన చెవికెక్కదు. అతను అబద్ధమాడితే కోర్టులో గట్టిగా కాదనండి, అది మీ హక్కు. కానీ అతనికి ఇంకెక్కడా పని దొరక్కుండా నలుగురికీ ఫోన్లు చేయకండి. అతని అన్న మీ దగ్గరే పనిచేస్తుంటే ఆ కోపం అన్న మీద చూపకండి. గెలుపోటములు జడ్జిగారు తేలుస్తారు. ఆ తీర్పు వచ్చేదాకా న్యాయంగా నడుచుకోవడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.